నీట్ ర్యాంకు తర్వాత ఎంత దూరం?



పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది "మా పాప డాక్టర్ అవ్వాలండీ, నీట్‌లో ర్యాంకు వస్తే చాలు" అంటుంటారు. ఆ ర్యాంకు తర్వాతి దారి పిల్లలకు ముందే తెలిస్తే మంచిది. ఉదాహరణకు, మనం గ్యాస్ట్రో డాక్టర్ అని పిలిచే జీర్ణకోశ వ్యాధుల నిపుణుల చదువు చూద్దాం.

ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్ యూజీ రాసి ఎంబీబీఎస్‌లో చేరాలి. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. తర్వాత నీట్ పీజీ రాసి జనరల్ మెడిసిన్‌లో ఎండీ 3 ఏళ్లు. ఆపైన నీట్ సూపర్ స్పెషాలిటీ పరీక్ష, గ్యాస్ట్రోఎంటరాలజీలో డీఎం మరో 3 ఏళ్లు. ఆపరేషన్లు చేసే సర్జికల్ గ్యాస్ట్రో వాళ్లది వేరే దారి: ఎంఎస్, ఆ తర్వాత ఎంసీహెచ్. ఎక్కడా ఆగకుండా చదివినా మొత్తం పదకొండున్నరేళ్లు. 17 ఏళ్లకు ఇంటర్ పూర్తి చేసిన అమ్మాయికి డీఎం చేతికొచ్చేసరికి 28 దాటుతాయి.

హైదరాబాద్‌లో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారు నడిచిందీ ఈ మెట్ల మీదుగానే. కర్నూలు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, మద్రాసులో ఎండీ, చండీగఢ్ పీజీఐలో డీఎం చేశారు. ఎండోస్కోపీ చికిత్సలో ప్రపంచమంతా గుర్తించే పేరు తెచ్చుకున్నారు. 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

ఇంత పొడవైన చదువులో మొదటి ప్రయత్నంలో ర్యాంకు రాకపోవడం చిన్న విషయమే. ఆ ఒక్క ఫలితం చూసి పిల్లల్ని మాటలనడం న్యాయం కాదు. వాళ్లకు నిజంగా కావాల్సింది ఓపిక, చదివింది అర్థం చేసుకునే అలవాటు, ఎదుటి మనిషి మాట వినే గుణం.

ఆ చివరిది ముఖ్యం. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, కడుపు ఉబ్బరం, అన్నిటినీ మనం "గ్యాస్" అనే చెబుతాం. అది ఏ గ్యాసో డాక్టర్ అడిగి తెలుసుకోవాలి. మాచర్ల నుంచి వచ్చిన పెద్దాయన ఆ బాధ తెలుగులోనే చెబుతారు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నా రోగి మాట తెలుగులో ఉంటుంది. అందుకే ఇంగ్లీషు టీచర్‌గా చెబుతున్నా: ఇంట్లో పిల్లలతో తెలుగులో బాగా మాట్లాడండి.

ఈ ఆదివారం మీ అబ్బాయినో అమ్మాయినో కూర్చోబెట్టుకుని ఈ మెట్లన్నీ ఒక కాగితం మీద రాయించండి. అన్నీ చూశాక కూడా "నాకు ఇదే ఇష్టం" అంటే, సంతోషంగా సరే అనండి.