అలుపెరుగని వారికి ఆంగ్లంలో ఒక మాట

ఆంగ్ల పత్రికలు చదివేవారికి తరచూ ఎదురయ్యే మాటల్లో ‘ఇన్‌డిఫ్యాటిగబుల్’ ఒకటి. అలసట ఎరుగని, అవిశ్రాంతమైన అని దీని అర్థం. చూడటానికి పొడవుగా ఉన్నా, విడదీస్తే సులభంగా బోధపడుతుంది. లాటిన్‌లో ‘ఫాటిగారే’ అంటే అలసిపోయేలా చేయడం. దానికి ముందు చేరిన ‘డి’ పూర్తిగా అనే భావాన్ని, ‘ఇన్’ వ్యతిరేకార్థాన్ని ఇస్తాయి. ఎంత శ్రమ పెట్టినా డస్సిపోనివారు అని తాత్పర్యం. అలసటను తెలిపే ‘ఫటీగ్’ కూడా ఈ మూలం నుంచి వచ్చినదే. అందువల్లే చాలామంది ‘ఇన్‌డిఫటీగబుల్’ అని పలుకుతుంటారు. అది సరికాదు. ‘ఫ్యా’ అక్షరాన్ని ఒత్తి, తరువాతి ‘టి’ని తేల్చి పలకాలి.

ఇది విశేషణం. మనిషికీ, అతని కృషికీ, ఉత్సాహానికీ వాడతారు. ‘షి ఈజ్ యాన్ ఇన్‌డిఫ్యాటిగబుల్ వర్కర్’ అంటే ఆమె అలుపెరుగని శ్రామికురాలు అని అర్థం. అచ్చు ధ్వనితో మొదలవుతుంది కనుక ముందు ‘యాన్’ రావాలి. తరగని నీటికో, నిధులకో ఈ మాట నప్పదు. అక్కడ ‘ఇన్‌ఎగ్జాస్టిబుల్’ అనాలి. నిలకడ లేనివారిని తెలిపే ‘రెస్ట్‌లెస్’ కూడా దీనికి పర్యాయపదం కాదు.

ఒక్క రాత్రి మేలుకుని పనిచేసినంత మాత్రాన ఈ విశేషణం దక్కదు. ఏళ్ల తరబడి సాగిన కృషి దీని వెనుక ఉండాలి. 1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ ఇందుకు చక్కని ఉదాహరణ. తాళపత్రాలు సేకరించి, పండితులచేత పరిష్కరింపజేసి, 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చు వేయించారు. ఆయన తెలుగు–ఆంగ్ల నిఘంటువు 1852లో వెలువడింది. ఈ రెండింటి మధ్య 23 ఏళ్లు గడిచాయి. కొలువు బాధ్యతలు మోస్తూనే ఆయన ఈ పని సాగించారు.

ఉద్యోగ దరఖాస్తు రాసే విద్యార్థులు ఈ సంగతి గమనించాలి. తనను తాను ‘ఇన్‌డిఫ్యాటిగబుల్’ అని చెప్పుకుంటే అది ఆత్మస్తుతిగా మిగులుతుంది. ఎన్నేళ్లు, ఏ పని చేశారో రాస్తే చాలు. ఆ మాట చదివేవారి నోటనే రావాలి.