సెగ తగ్గిన తారు

కొండపల్లి అనగానే ఎవరికైనా ముందు బొమ్మలే గుర్తొస్తాయి. ఆ బొమ్మలు చేసేవాళ్లకు సెగ లెక్క బాగా తెలుసు. తెల్లపొణికి చెక్కను సన్నటి సెగమీద ఆరబెట్టాలి. తడి మిగిలితే బొమ్మ నిలవదు, సెగ ఎక్కువైతే చెక్క మాడుతుంది. అచ్చం అలాంటి లెక్కే ఇప్పుడు రోడ్లు వేసే ఇంజినీర్ల ముందూ ఉంది!

ఇబ్రహీంపట్నం నుంచి కొండపల్లి, మైలవరం మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి వెళుతుంది. ఇలాంటి దారుల్లో తారు పని జరుగుతుంటే మీరు చూసే ఉంటారు. పైన మే నెల ఎండ. కింద 140 డిగ్రీల మిశ్రమం. ఆ పొగ మధ్యలో పారలు పట్టుకుని కూలీలు.

అంత వేడి ఎందుకంటే...

మనం తారు అంటున్నది నిజానికి ముడిచమురును శుద్ధి చేశాక అడుగున మిగిలే బిటుమెన్. చల్లగా ఉంటే గడ్డకట్టి, కంకరకు పట్టదు. అందుకే రెండింటినీ 150-165 డిగ్రీల దాకా కాచి కలుపుతారు. అదే హాట్ మిక్స్.

దాదాపు 30 డిగ్రీలు తక్కువ వేడితో అదే పని చేయించేది వార్మ్ మిక్స్. 1990ల్లో ఐరోపాలో మొదలైంది. ఇప్పుడు అమెరికాలో ఏటా కోట్ల టన్నులు వాడుతున్నారు. కిటుకులు మూడు. వేడి తారులో కాస్త నీరు చేర్చితే అది ఆవిరై, తారు పాలపొంగులా నురగెత్తి కంకరంతా పరుచుకుంటుంది. మైనం కలిపితే పల్చబడుతుంది. లేదంటే సబ్బులా పనిచేసే రసాయనం కొద్దిగా కలిపినా చాలు, తారు రాయికి తేలిగ్గా అంటుకుంటుంది. పొగ తగ్గుతుంది, ఇంధనం ఆదా అవుతుంది. త్వరగా చల్లారి బిగుసుకుపోదు కాబట్టి దూరం నుంచి తెచ్చినా రోలరుకు అందుతుంది.

మరి వాన మాటేమిటి?

అసలు చిక్కు ఇక్కడే. సెగ తగ్గితే కంకరలో తడి పూర్తిగా ఆరకపోవచ్చు. తడి రాయిని తారు గట్టిగా పట్టుకోదు. నల్లరేగడి నేలలు, పక్కనే కాలువలు, ఏటా ముసురు... కృష్ణా డెల్టాలో అలాంటి రోడ్డు వేస్తే మొదటి వానాకాలానికే కంకర లేచిపోయే ప్రమాదం ఉంది.

అందుకే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో వార్మ్ మిక్స్‌కు మార్గదర్శకాలు ఇస్తూ నీటి పరీక్ష తప్పనిసరి చేసింది. నీళ్లలో నానబెట్టిన నమూనా బలం, పొడి నమూనా బలంలో కనీసం 80 శాతం ఉండాలి. చాలకపోతే మిశ్రమంలో పొడి సున్నమో, పట్టు పెంచే మందో కలపాలి. కంకర కుప్పల మీద కప్పు వేయడం, నీరు నిలవకుండా వాలు ఉంచడం కూడా మంచి జాగ్రత్తలే. రోడ్డు పక్క కాలువ పూడిపోతే మాత్రం ఏ మిశ్రమమైనా నిలవదు.

కలిపే మందుకయ్యే ఖర్చును ఇంధనం ఆదాతో సరిచూసి లాభం ఎంతని అడుగుతారు గుత్తేదారులు. ఆ లెక్కలో మరో పద్దు కూడా వేసుకోవాలి... నడివేసవిలో ఆ సెగ పక్కన రోజంతా నిలబడే కూలీ ఊపిరి!