సైకిలు కొండెక్కితే... నీళ్లెక్కడ?

పొందూరు ఖద్దరుకి ఎంత పేరుందో, దాని వెనకున్న ఓ చిత్రమైన పనిముట్టుకీ అంత పేరుంది. పత్తిలో నలకలు తీసి పోగులు సాపు చేయడానికి అక్కడివాళ్లు వాడేది వాలుగ చేప దవడ ఎముక! పనికి తగ్గ పనిముట్టు ఎంచుకోవడమంటే అదీ. సైకిలు మీద కొండదారి పట్టేవాళ్లకీ అలాంటి ఎంపికే ఎదురవుతుంది. తాగే నీళ్లు, పంక్చరు సామాను ఎక్కడ పెట్టుకోవాలి? సైకిలుకి కట్టాలా, వీపున వేసుకోవాలా, నడుముకి చుట్టుకోవాలా? వినడానికి చిన్న సంగతే. నడిదారిలో నీళ్లు నిండుకున్నప్పుడే దాని విలువ తెలిసేది.

1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్లతో కొండ దిగడం సరదాగా మొదలుపెట్టారు. అదే 1996లో ఒలింపిక్స్ దాకా వెళ్లింది. గేర్ల సైకిళ్లు మన ఊళ్లకీ వచ్చేశాయి. పొందూరు చుట్టుపక్కల పొలం గట్లు, చదును దారులు నేర్చుకోవడానికి బాగుంటాయి. అక్కణ్నుంచి పాలకొండ దాటి సీతంపేట ఏజెన్సీలోకి వెళ్తే అసలైన ఎత్తుపల్లాలు మొదలవుతాయి. అక్కడ మలుపు మలుపుకీ కిళ్లీకొట్టు ఉండదు.

ఎన్ని నీళ్లు కావాలి?

ఎండలో కష్టపడి తొక్కేవాళ్లకి గంటకి అర లీటరు నుంచి రెండు లీటర్ల దాకా చెమట పోవచ్చు. గంటకి 400 నుంచి 800 మిల్లీలీటర్లు కొంచెం కొంచెంగా తాగమంటారు క్రీడా వైద్య నిపుణులు. అంటే మూడు గంటల ప్రయాణానికి దాదాపు రెండు లీటర్లు. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఆ రెండు కిలోలు ఎక్కడ కూర్చుంటాయన్నదే అసలు ప్రశ్న.

సీసానా... సంచీనా?

సైకిలు చట్రానికి బిగించే సీసా పట్టీ అన్నిటికన్నా చవక, తేలిక. బరువు కిందే ఉంటుంది కాబట్టి తూలదు, వీపుకి చెమట పట్టదు. కానీ రాళ్లదారిలో చెయ్యి తీసి సీసా అందుకోవడం కష్టం. పట్టు వదులైతే కుదుపుకి ఎగిరి పడిపోతుంది. వానాకాలం చక్రం చిమ్మిన బురద, పేడ సీసా మూతికే అంటుకుంటాయి. అందుకే మూతిమీద తొడుగున్న సీసా మేలు.

వీపు సంచి కథ వేరు. 1980ల చివర్లో అమెరికాలోని టెక్సస్‌లో మైకేల్ ఈడ్సన్ అనే వైద్య సహాయకుడు మండుటెండలో వంద మైళ్ల సైకిలు పందేనికి వెళ్లాడు. సెలైన్ సంచిలో నీళ్లు నింపి, పొడవాటి మేజోడులో దూర్చి వీపుకి తగిలించుకున్నాడు. గొట్టం భుజం మీదుగా తెచ్చి నోటికి అందేలా పెట్టుకున్నాడు. అదే తర్వాత ‘క్యామెల్‌బ్యాక్’ సంచి అయింది. ఒకటిన్నర నుంచి మూడు లీటర్లు పట్టే ఇలాంటి సంచులతో హ్యాండిల్ వదలకుండానే తాగొచ్చు. అయితే వీపు ఉడికిపోతుంది, భుజాలు లాగుతాయి, ఎన్ని నీళ్లు మిగిలాయో కనిపించదు. వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టకపోతే గొట్టంలో బూజు పడుతుంది. మజ్జిగ, పంచదార నీళ్లు అందులో పోయకపోవడమే మంచిది.

ఈ రెండిటికీ మధ్యది నడుము సంచి. లీటరు, లీటరున్నర నీళ్లు మోస్తుంది, వీపుకి గాలి తగులుతుంది. అంతకన్నా బరువు వేస్తే మాత్రం జారుతుంది.

కావిడి చెప్పిన పాఠం

కావిడి మోసేవాళ్లు రెండు వైపులా బరువు సరిచూసుకున్నాకే భుజానికెత్తుకుంటారు. పాలవాళ్లు సైకిలుకి క్యాన్లు అటూ ఇటూ కడతారు. కొండ సైకిలుకీ అదే సూత్రం. హ్యాండిలుకి ఒకవైపే సంచి తగిలిస్తే మలుపులో అటే లాగేస్తుంది. అదనపు ట్యూబు, టైరు లీవర్లు, అలెన్ కీలు సీటు కింది చిన్న సంచిలో పెట్టి, పంపుని చట్రానికి బిగిస్తే సరి. ఇనప సామాను వీపు సంచిలో వెన్నెముకకి ఆనేలా పెట్టడం ప్రమాదం. పడితే దెబ్బ తగిలేది అక్కడే. ఫోను, డబ్బులు, కట్టు గుడ్డలు ప్లాస్టిక్ కవరులో చుట్టి పైనే ఉంచుకోవాలి.

తడిగుడ్డ మంత్రం

సీసాకి తడిపిన నూలుగుడ్డ చుడితే గాలికి తడి ఆరుతూ నీళ్లని చల్లగా ఉంచుతుంది. ఉక్కపోత ఎక్కువుండే కోస్తాలో ఇది కాస్త నెమ్మదిగా పనిచేస్తుంది. తలకి, మెడకి చుట్టుకోవడానికీ ఆ గుడ్డే అక్కరకొస్తుంది.

గంటల తరబడి చెమటోడ్చేటప్పుడు వట్టి నీళ్లే అతిగా తాగినా ఒంట్లో ఉప్పు పలచబడి ముప్పే. రెండో సీసాలో ఉప్పు వేసిన పలచటి మజ్జిగో, పొట్లం మీది కొలత ప్రకారం కలిపిన ఓఆర్ఎస్సో ఉంటే మంచిది. గెడ్డలో నీళ్లు తేటగా ఉన్నాయని అలాగే తాగకూడదు. తల తిరుగుతున్నా, వాంతి వస్తున్నా తొక్కడం ఆపి నీడకి చేరాలి. మాట తడబడి మతి తప్పుతుంటే అది వడదెబ్బ. ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

ఎవరికి ఏది?

గంటలోపు గట్టు చుట్టూ తిరిగేవాళ్లకి ఒక సీసా, సీటు కింద సంచి చాలు. రెండు గంటల దారికి రెండు సీసాలు, లేదా ఒక సీసా, నడుము సంచి. కొండల్లో పూట గడిపేవాళ్లకి వీపు సంచి, దానికి తోడు సైకిలుకో సీసా. సంచిలో నీళ్లు ఎప్పుడు అయిపోయినా ఆ సీసా ఇంటికి చేరుస్తుంది. ఏది కొన్నా ముందు నిండా నింపి, ఊళ్లోనే ఎగుడుదిగుడు దారిలో అరగంట తొక్కి చూడాలి. ఏ పట్టీ ఒరుస్తుందో, ఏ సీసా జారుతుందో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది.