గ్రీన్ టీని మరిగించకండి: చైనావారి తీరు వేరు

పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు పండక్కి వస్తూ గ్రీన్ టీ పొట్లం ఒకటి తెస్తాడు. మర్నాడు పొద్దున్నే కోడలు అలవాటు ప్రకారం గిన్నెలో నీళ్లు పోసి, రెండు చెంచాల ఆకు వేసి, అయిదు నిమిషాలు తెర్లించి వడకట్టి తెస్తుంది. అత్తగారు ఒక్క గుక్క తాగి మొహం చిట్లిస్తుంది. "ఇదేం టీ అమ్మా, వేపాకు కషాయంలా ఉంది" అని గ్లాసు పక్కన పెట్టేస్తుంది. పొట్లం అలమర పై అరలోకి చేరుతుంది. ఏడాది తిరిగేసరికి గులాబీ మొక్క మొదట్లోకి పోతుంది. చాలా ఇళ్లలో గ్రీన్ టీ కథ ఇంతే.

ఇందులో ఆకు తప్పేమీ లేదు. మనకు డస్ట్ టీ కాచే అలవాటు ఉంది. పొడి ఎంత మరిగితే డికాక్షన్ అంత చిక్కగా దిగుతుంది. దాని వగరును పాలు, పంచదార మింగేస్తాయి. గ్రీన్ టీలో పాలూ లేవు, పంచదారా లేదు. మరిగించినప్పుడు దిగిన చేదంతా నేరుగా నాలుక మీదికే వస్తుంది. ఈ ఆకును వందల ఏళ్లుగా ఇంటింటా తాగుతున్న చైనావారు దీన్ని పొయ్యి మీద పెట్టరు. గ్లాసులో ఆకు వేసి, కాస్త ఆరిన వేడినీళ్లు పోస్తారు. పని అంతే.

అన్నట్టు మనం తెలంగాణలో "చాయ్" అన్నా, కోస్తాలో "టీ" అన్నా, రెండు మాటలూ చైనావే. "చా" అనే మాట భూమార్గాన పర్షియా మీదుగా "చాయ్" అయి వచ్చింది. ఆగ్నేయ చైనాలోని ఫుజియాన్ తీరం వాళ్లు పలికే "తే" అనే మాట డచ్చి వర్తకుల ఓడలెక్కి ఐరోపాకు పోయి "టీ" అయింది. మన తేయాకులోని "తే" కూడా అదే.

ఒకే చెట్టు, రెండు రకాలు

నల్ల టీ చెట్టు వేరు, పచ్చ టీ చెట్టు వేరు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండూ ఒకే జాతి చెట్టు ఆకులే. తేడా అంతా కోసిన తర్వాత జరిగే పనిలో ఉంది. వంకాయ కోసి గాలికి వదిలేస్తే ముక్క నల్లబడుతుంది. కోసిన వెంటనే కాగిన నూనెలో పడితే ఆ నలుపు ఆగిపోతుంది. తేయాకూ అంతే. ఆకును నలిపి గాలికి ఉంచితే రంగు మారి నల్ల టీ అవుతుంది. నల్లబడకముందే వేడి తగిలిస్తే పచ్చదనం నిలుస్తుంది. చైనాలో ఈ వేడి చాలావరకు ఇనుప మూకుడు ఇస్తుంది. జపానువారు ఆవిరి పట్టిస్తారు.

చైనా పచ్చ తేయాకుల్లో పేరు మోసినది లోంగ్‌జింగ్. ఆ మాటకు డ్రాగన్ బావి అని అర్థం. తూర్పు చైనాలో, ఝెజియాంగ్ రాష్ట్రంలోని హాంగ్‌ఝౌ నగరం పక్కన పశ్చిమ సరస్సు ఉంది. దాని చుట్టూ ఉన్న కొండవాలుల్లో ఈ తోటలు. మన ఉగాది అటూ ఇటూగా అక్కడ ఆకు కోత మొదలవుతుంది. ఏప్రిల్ 4, 5 తేదీల్లో వచ్చే చింగ్‌మింగ్ రోజున చైనావారు పెద్దల సమాధులు శుభ్రం చేసి పూజలు చేస్తారు. ఆ రోజుకు ముందు కోసిన ఆకుకు ఎక్కడలేని ధర. చలికాలమంతా నిద్రపోయిన చెట్టు మొదట వేసే చిగురులో తీపిదనం ఎక్కువ, చేదు తక్కువ. ఎండలు ముదిరిన కొద్దీ చేదు పెరుగుతుంది, ధర పడిపోతుంది. అందుకే అక్కడి రైతుకు ఆ కొద్ది రోజులు మనకు వరి కోతల రోజుల్లాంటివి. వాన పట్టుకుందా, ఆ ఏటి రాబడిలో కోత పడినట్టే.

కోసేది ఎక్కువగా ఆడవాళ్లు. ఒక మొగ్గ, దాని పక్కన ఒకటి రెండు లేత ఆకులు. గోరు తగిలితే కాడ నల్లబడుతుందని గోటితో గిల్లరు, వేలి కొసలతో పైకి లాగినట్టు తుంచుతారు. నాలుగైదు కిలోల పచ్చి ఆకు కోస్తే కిలో టీ తయారవుతుంది. కిలో కావాలంటే వేల కొద్దీ చిగుళ్లు ఒక్కొక్కటిగా చేత్తో కోయాలి. ధర ఎందుకు అంత అని అడిగేవారికి ఇంతకు మించి జవాబు అక్కర్లేదు.

కోసిన ఆకును కొన్ని గంటలు నీడన పలచగా ఆరబోస్తారు. తర్వాత వేడెక్కిన మూకుట్లో వేసి, ఒట్టి చేత్తోనే అదుముతూ, పొర్లిస్తూ, మూకుడు గోడకేసి నొక్కుతూ వేయిస్తారు. గరిటె ఉండదు. వేడి ఎంత ఉందో, ఆకులో తడి ఎంత మిగిలిందో అరచెయ్యే చెప్పాలి. చెయ్యి కాస్త ఆగితే ఆకు మాడుతుంది, తొందరపడితే పచ్చి వాసన పోదు. ఈ పని నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఇప్పుడు చాలాచోట్ల మిషన్లు వచ్చేశాయి. చేత్తో వేయించే పాతవారు తగ్గుతున్నారు. చైనావారి తేయాకు తయారీ పద్ధతులను, తాగే ఆచారాలను 2022లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వేయించిన ఆకును నిలవ చేయడానికి పూర్వం కుండల్లో పొడి సున్నం పక్కన పెట్టేవారు. సున్నం తడిని పీల్చుకుంటుందని వారికి తెలుసు.

నీలిరంగు పూసిన టీ

ఇంగ్లీషువారికి ఈ రహస్యాలు చాలాకాలం అంతుపట్టలేదు. 1848లో ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ ఫార్చూన్ అనే స్కాట్లండు మొక్కల నిపుణుణ్ణి చైనాకు పంపింది. అతడు చైనా వేషం వేసుకుని లోపలి జిల్లాల్లో తిరిగాడు. తేయాకు మొక్కలు, విత్తనాలు సేకరించి, ఆకు తయారు చేయడం తెలిసిన పనివాళ్లతో సహా మన దేశానికి చేర్చాడు. హిమాలయ తోటల్లో వాటిని నాటారు.

అతడు బయటపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఎగుమతికి పోయే పచ్చ టీ మరింత పచ్చగా కనబడాలని చైనా కార్ఖానాల్లో ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు, జిప్సం పొడి కలుపుతున్నారు. కలిపే పనివాళ్ల చేతులు నీలంగా ఉండడం అతడు కళ్లారా చూశాడు. అదంతా ఇంగ్లండులో టీ తాగేవారి కడుపులోకి పోతున్నదే. చైనావారు తాము తాగే టీలో మాత్రం దాన్ని కలుపుకునేవారు కాదు!

ఈ పాత కథ నేటి కొనుగోలుకూ పనికొస్తుంది. మంచి పచ్చ టీ దిగిన నీళ్లు చిలక పచ్చగా ఉండవు. లేత పసుపులో కాస్త ఆకుపచ్చ కలిసిన రంగు ఉంటుంది. చల్లటి నీళ్లలో వేయగానే గుప్పున రంగు దిగితే అనుమానించాల్సిందే. మన కిరాణా కొట్లలో దొరికే గ్రీన్ టీ చాలావరకు అస్సాం, నీలగిరుల వంటి మన తోటలదే. దాన్నీ ఇదే పద్ధతిలో తాగవచ్చు. దారం కట్టిన సంచుల్లో ఉండేది ఎక్కువగా నలిగిన పొడి. చేదు త్వరగా దిగుతుంది. ఆకు ఆకుగా కనిపించే పొట్లం కొనడం మేలు.

ఇంట్లో పెట్టుకునే తీరు

కెటిల్, పింగాణీ సామాను ఏమీ అక్కర్లేదు. ఒక గాజు గ్లాసు చాలు. హాంగ్‌ఝౌలో లోంగ్‌జింగ్ టీని ఎక్కువగా గాజు గ్లాసులోనే పోసుకుంటారు, ఆకు విచ్చుకోవడం కనబడాలని.

నీళ్లు బాగా కాగిన తర్వాత దించి, మూత తీసి అయిదు నిమిషాలు ఆరనివ్వాలి. ఆవిరి జోరు తగ్గి సన్నగా లేస్తుంటే అదును వచ్చినట్టే. సుమారు 80 డిగ్రీల వేడి అన్నమాట. తొందరగా ఉంటే చాయ్ కొట్టువాడిలా రెండు గిన్నెల మధ్య మూడు నాలుగు సార్లు తిరగబోస్తే సరిపోతుంది. వేడి ఎక్కువైతే చేదునిచ్చే పదార్థాలు ఒక్కసారిగా దిగుతాయి. తీపిదనం ఇచ్చే పదార్థాలకు అంత వేడి అవసరం లేదు. కిటుకంతా ఇక్కడే ఉంది.

గ్లాసును ముందు కాసిని వేడినీళ్లతో తొలిచి పారబోయాలి. లేకుంటే గాజు చిట్లే ప్రమాదం ఉంది. పావు తులం కంటే కొంచెం ఎక్కువ, అంటే 3 గ్రాముల ఆకు వేయాలి. ఆకు తేలికగా ఉంటే అది రెండు చెంచాలు అవుతుంది, బిగువుగా చుట్టిన ఆకైతే ఒక చెంచాకే వస్తుంది. పావు గ్లాసు నీళ్లు పోసి, ఆకు తడిసేటట్టు గ్లాసును మెల్లగా తిప్పి, వాసన చూడాలి. మంచి లోంగ్‌జింగ్ అయితే వేయించిన పెసల వాసనకు దగ్గరగా కమ్మటి వాసన వస్తుంది. తర్వాత మిగతా నీళ్లు పోయాలి. మొదట ఆకు పైన తేలుతుంది. రెండు మూడు నిమిషాల్లో ఒక్కొక్కటే నిటారుగా నిలబడి కిందికి దిగుతుంది. అప్పుడు తాగడం మొదలుపెట్టవచ్చు. వడకట్టనక్కర్లేదు.

లేత నూగుతో సన్నగా చుట్టుకుని ఉండే బిలువోచున్ అనే రకం మరీ సుకుమారం. దానికి ముందు నీళ్లు పోసి, పైన ఆకు చల్లుతారు.

గ్లాసు మొత్తం ఖాళీ చేయకూడదు. మూడో వంతు మిగిలి ఉండగానే మళ్లీ వేడినీళ్లు పోయాలి. పెరుగుకు తోడు మిగుల్చుకున్నట్టు, ఆ మిగిలిన టీ తర్వాతి గ్లాసుకు రుచి అందిస్తుంది. ఇలా ఒకే ఆకుతో మూడుసార్లు తాగవచ్చు. చాలామందికి రెండో గ్లాసే బాగుంటుంది. మొదటిదాన్ని బట్టి తీర్పు చెప్పేసేవాళ్లు దాన్ని పోగొట్టుకుంటారు. చైనాలో రైళ్లలో, ఆఫీసుల్లో, బస్సు డ్రైవర్ల పక్కన మూత ఉన్న సీసాలో ఆకు వేసి, రోజంతా వేడినీళ్లు పోసుకుంటూ తాగడం మామూలు.

రుచి చూడడానికి తొందర పనికిరాదు. చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పి మింగాలి. మొదట కొద్దిగా వగరు తగులుతుంది. కాసేపటికి గొంతులోంచి సన్నటి తీపి పైకి వస్తుంది. ఉసిరికాయ తిని నీళ్లు తాగితే నోట్లో తీపి ఊరినట్టు. చైనావారు టీ మంచిదా కాదా అన్నది ఆ తిరిగొచ్చే తీపిని బట్టే చెబుతారు. వగరు నాలుకకు పట్టుకుని వదలకుండా ఉందంటే ఆకు ముదురుదన్నా అయి ఉండాలి, నీళ్ల వేడి అన్నా ఎక్కువై ఉండాలి. రెండో గ్లాసుకు ఇంకాస్త ఆరిన నీళ్లు పోసి చూస్తే ఏదన్నది తేలిపోతుంది.

నీళ్లూ ముఖ్యమే. లోంగ్‌జింగ్ ఆకుకు దగ్గర్లోనే ఉన్న హూపావ్ ఊట నీరే జోడీ అని హాంగ్‌ఝౌవారి మాట. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పదనం. వాటిలో ఈ టీ పోస్తే పైన తెట్టు కట్టి రుచి చస్తుంది. శుద్ధి చేసిన నీళ్లో, పట్టిన వాన నీళ్లో మంచివి. ఫ్లోరైడ్ పీడ ఉన్న ఊళ్లవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. తేయాకు చెట్టు మట్టిలోని ఫ్లోరైడును ఆకుల్లో చేర్చుకుంటుంది, ముదురు ఆకులో అది ఎక్కువ. దానికి బోరు నీళ్ల ఫ్లోరైడ్ కూడా తోడు కాకూడదు.

పొట్లం విప్పిన తర్వాత గట్టి మూత ఉన్న డబ్బాలో, వెలుతురు తగలనిచోట ఉంచాలి. ఇంగువ, మసాలా డబ్బాల పక్కన పెడితే ఆ వాసనలన్నీ ఆకు పీల్చుకుంటుంది. ఈ గుణాన్నే ఫుజియాన్‌లో లాభంగా మార్చుకున్నారు. ఆకుల మధ్య మల్లె జాతి పూలు పరిచి రాత్రంతా ఉంచి, తెల్లారి పూలు ఏరేసి మల్లె టీ తయారు చేస్తారు. ఏడాది దాటిన పచ్చ టీ పసుపు తిరిగి ఎండుగడ్డి వాసన వేస్తుంది.

మందు అనుకుంటే ముప్పు

గ్రీన్ టీ తాగితే పొట్ట తగ్గుతుంది, షుగరు పోతుంది అని ఊళ్లల్లో కూడా ప్రచారం బాగానే సాగుతోంది. బరువు మీద దాని ప్రభావం చాలా స్వల్పం. షుగరు మాత్రలు మానేసి దీన్ని నమ్ముకోవడం ప్రాణాలతో చెలగాటం. ఇందులోనూ కెఫీన్ ఉంది కాబట్టి పరగడుపున తాగితే కొందరికి వికారం పుడుతుంది, రాత్రి తాగితే నిద్ర పట్టదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆడవాళ్ల సంగతి. భోజనంతోపాటు టీ తాగితే అన్నం, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. పాల టీ అయినా, పచ్చ టీ అయినా ఇంతే. రక్తం తక్కువగా ఉన్నవాళ్లు, గర్భిణులు భోజనానికి, టీకి మధ్య కనీసం గంట ఎడం ఉంచాలి. ఐరన్ మాత్రను టీతో మింగకూడదు.

బరువు తగ్గడానికని గ్రీన్ టీ సారం దట్టించిన మాత్రలు కూడా అమ్ముతున్నారు. గ్లాసులో తాగే టీకి, వాటికి పోలిక లేదు. టీలోని ఒక ముఖ్య పదార్థాన్ని మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకుంటే కాలేయం దెబ్బతిన్న గుర్తులు కనిపించవచ్చని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది.

తాగగా మిగిలిన ఆకును హాంగ్‌ఝౌలో తినేవాళ్లూ ఉన్నారు. గ్లాసు అడుగున మెత్తబడిన చిగుళ్లు నమిలితే లేత చింతచిగురంత మృదువుగా ఉంటాయి, పులుపు మాత్రం ఉండదు. అక్కడి పేరున్న వంటకాల్లో ఒకటి లోంగ్‌జింగ్ రొయ్యలు. ఒలిచిన రొయ్యలను నూనెలో తేలిగ్గా వేయించి, చివర్లో గ్లాసులోని టీ నీళ్లు, తడిసిన ఆకు వేసి దించేస్తారు. కారం వేయరు.