చీటీ డబ్బుతో గేమింగ్ కంప్యూటర్!

"అమ్మా, ఈసారి చీటీ డబ్బులొస్తే నాకు గేమింగ్ కంప్యూటర్ కొనిపెట్టవూ?"

2025లో ఇంటర్ పరీక్షలైన మర్నాడు మా అమ్మాయి అడిగిన మాటిది. పప్పులో పోపు పెడుతున్నదాన్ని గరిటె చేత్తో పట్టుకునే వెనక్కి తిరిగాను. నెలకి మూడు వేల చొప్పున ఇరవై నెలలు కట్టిన చీటీ. అరవై వేలు! గాజులు చేయించుకుందామని దాచుకున్న డబ్బు.

"ఆటలకి అరవై వేలా?" అన్నారు మావారు పేపర్లోంచి తలెత్తకుండానే. "ఆడపిల్లకి ఆ ఆటలేంటే?" అంది మా అత్తగారు. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. అయితే ఇంజినీరింగ్‌లో చేరబోయే పిల్లకి ఎలాగూ కంప్యూటర్ కావాలి. "పోనీ ల్యాప్‌టాప్ కొనుక్కోవే" అన్నాను.

"ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చుకోలేం అమ్మా. విడివిడిగా కొని బిగించుకుంటే మూడేళ్ల తర్వాత ఆ ఒక్క కార్డూ మార్చుకుంటే చాలు. నేనే బిగించుకుంటాను" అంది.

ఆ 'నేనే బిగించుకుంటాను' అన్న మాట దగ్గర నేను మెత్తబడ్డాను. మిక్సీ ప్లగ్గు ఊడినా మావారు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగే ఇల్లు మాది మరి! "సరే, కానీ ప్రతి రూపాయీ ఎక్కడికి పోతోందో నాకు అర్థమయ్యేలా చెప్పాలి" అని షరతు పెట్టాను. అలా మొదలైంది నా కంప్యూటర్ చదువు.

ఐ7 అనగానే పొంగిపోకండి!

ముందు మా ఊళ్లోనే ఓ దుకాణానికి వెళ్లాం. "ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, రంగు లైట్ల క్యాబినెట్... అన్నీ కలిపి 32 వేలే మేడమ్!" అన్నాడతను. అనుకున్నదాంట్లో సగం! అడ్వాన్స్ ఇవ్వడానికి పర్సు కూడా తీశాను.

"ఐ7లో ఏ మోడలండీ?" అని అడిగింది మా అమ్మాయి. అతను జవాబు చెప్పాడు, కానీ దానికి కాదు, మావారికి! "సార్, ఐ7 అంటే టాప్ సార్" అని. అది వదల్లేదు. బిల్లు మీద మోడల్ నంబరు రాసిస్తేనే డబ్బు అంది. చివరికి తేలిందేమిటంటే అది ఐ7-3770. అంటే 2012లో వచ్చిన సరుకు. ఇక ఆ గ్రాఫిక్స్ కార్డు జీటీ 730, 2014 నాటిది. 4 జీబీ అన్నమాట నిజమే కానీ, ఈనాటి పెద్ద ఆటల్ని లాగే సత్తువ దానికి లేదు. పైగా విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్లు ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేశారు.

ఇంటెల్ 'ఐ' రకాల్లో తరం తెలుసుకోవడం చాలా తేలిక. గీత తర్వాత ఉన్న అంకెలు చూడాలి. 3770 అంటే మూడో తరం, 12100 అంటే పన్నెండో తరం. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌లోనూ నాలుగు కోర్లే, ఆ పాత ఐ7లోనూ నాలుగే. అయినా ఆటల్లో కొత్త ఐ3 ముందు పాత ఐ7 నిలవదు. బియ్యమైతే పాతవే మేలు గానీ, ప్రాసెసర్ల దగ్గర ఆ సూత్రం పనికిరాదన్నమాట!

ముందు ఏ ఆటో తేల్చుకోండి

ఎంతమంది భోజనాలకొస్తారో తెలియకుండా ఎసరు పెట్టం కదా! ఇదీ అంతే. వాలొరెంట్, మైన్‌క్రాఫ్ట్ లాంటివి తేలికపాటి ఆటలు. వీటికి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా ఫరవాలేదు. ఎ.ఎం.డి. వాళ్ల రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు ముందు దాంతో సరిపెట్టుకుని, తర్వాత వీలు చూసుకుని కార్డు చేర్చుకోవచ్చు. కొత్తగా వచ్చే పెద్ద ఆటలు కూడా ఆడాలంటే మాత్రం విడి కార్డు తప్పదు.

మా అమ్మాయి కోరిక మధ్యరకం. 24 అంగుళాల మానిటర్, 1080 రెజల్యూషన్, ఆట తడబడకుండా నడవాలి. అంతే. 4కే తెరల జోలికి పోలేదు. తెరలో చుక్కలు పెరిగేకొద్దీ కార్డు మీద బరువు పెరుగుతుంది, దాంతో ఖర్చూ పెరుగుతుంది.

ఎవరికెంత వాటా?

గేమింగ్ కంప్యూటర్‌లో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుదే. మొత్తంలో మూడో వంతు దానికే అనుకోండి. బొమ్మలన్నీ గీసేది అదే మరి. మేం తీసుకున్నది 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీది. ఇంకాస్త డబ్బు ఉన్నవాళ్లకి ఆర్‌టీఎక్స్ 4060, 5060 లాంటివి ఉన్నాయి. 'వాడిన కార్డు సగం ధరకే' అన్నవాళ్లూ తగిలారు. 2022 సెప్టెంబర్ దాకా ఈథర్ అనే డిజిటల్ నాణేల తవ్వకానికి ఇలాంటి కార్డుల్ని రాత్రింబగళ్లు నడిపేవారు. వాటిలో చాలా తర్వాత సెకండ్‌హ్యాండ్ బజారుకి వచ్చాయి. బిల్లు, వారంటీ లేనిదే కొనొద్దని నా సలహా.

తర్వాతిది ప్రాసెసర్. మాది రైజెన్ 5 5600. ఆరు కోర్లు, పెట్టెలోనే ఫ్యాను కూడా ఇస్తారు. కాబట్టి కూలర్‌కి వేరే ఖర్చు లేదు. అన్నట్టు, ప్రాసెసర్‌కీ మదర్‌బోర్డుకీ జత కుదరాలి సుమా! ఈ రైజెన్‌కి 'ఎ.ఎం.4' సాకెట్ బోర్డు కావాలి. ఇంటెల్ పన్నెండో తరానికి 'ఎల్‌జీఏ 1700' కావాలి. ఒకదాంట్లో ఇంకోటి పట్టదు. దుకాణంలో చాన్నాళ్లుగా పడి ఉన్న పాత బోర్డయితే కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టకపోవచ్చు. 'బయోస్ అప్‌డేట్ చేసిందేనా?' అని అడిగి మరీ తీసుకోండి.

ర్యామ్ 16 జీబీ ఉంటే మంచిది. ఒకే 16 జీబీ పుల్ల కన్నా 8 జీబీవి రెండు జంటగా వేస్తే వేగం బావుంటుంది. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 ర్యామ్ దూరదు, గాటు వేరేచోట ఉంటుంది. ఇక పాత హార్డ్ డిస్కు వద్దేవద్దు, ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. 500 జీబీకి తగ్గకూడదు. జీటీఏ 5 అనే ఒక్క ఆటే నూరు జీబీ పైచిలుకు మింగేస్తుంది మరి!

పవర్ సప్లై దగ్గర పిసినారితనం వద్దు

ఇది మాత్రం రెండుసార్లు చదవండి. మా వీధి చివరింటి అబ్బాయి క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన పవర్ సప్లైతో సరిపెట్టుకున్నాడు. దాని మీద 450 వాట్లని రాసి ఉందట. మూడో నెలలో ఓ రాత్రి 'టప్'మని చప్పుడు, కాలిన వాసన. సప్లైతో పాటు మదర్‌బోర్డూ పోయింది. రెండు వేలు మిగిలాయనుకుంటే ఏడు వేలు వదిలాయి!

పేరున్న కంపెనీది, 550 వాట్లది మా కంప్యూటర్‌కి ధారాళంగా సరిపోయింది. పెట్టె మీద '80 ప్లస్ బ్రాంజ్' అని ఉంటుంది. అంటే గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగాన్ని వేడి రూపంలో వృథా చేయకుండా వాడుతుందని అర్థం. అది కరెంటు పొదుపుకి గుర్తే గానీ, భద్రతకి పూచీ కాదు. అందుకే కంపెనీ, వారంటీ కూడా చూడాలి.

క్యాబినెట్‌కి లైట్లు కాదు, గాలి ముఖ్యం. మన ఎండలకి ముందువైపు జల్లెడలా చిల్లులున్నది కావాలి. అద్దాల తలుపుతో ముందంతా మూసేసినవి చూడ్డానికే అందం.

మా అరవై వేల లెక్క

మా ఊళ్లో అన్నీ దొరక్క పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. హైదరాబాద్‌లో ఉండే మా ఆడపడుచు కొడుకు తోడొచ్చాడు. "అత్తా, మొదటి షాపులోనే కొనెయ్యకు. నాలుగు చోట్ల కొటేషన్ రాయించుకో" అన్నాడు. రాయించుకున్నాం. ఒకేరకం కార్డుకి రెండు షాపుల మధ్య పన్నెండు వందల తేడా! 2025 వేసవిలో మాకు పడిన ధరలివి:

గ్రాఫిక్స్ కార్డు - రూ. 19,500
ప్రాసెసర్ - రూ. 10,000
మానిటర్ - రూ. 8,500
మదర్‌బోర్డు - రూ. 7,000
పవర్ సప్లై - రూ. 4,000
ర్యామ్ - రూ. 3,500
ఎస్‌ఎస్‌డీ - రూ. 3,500
క్యాబినెట్ - రూ. 3,000
కీబోర్డు, మౌస్ - రూ. 1,000

సరిగ్గా అరవై వేలు. రైలు చార్జీలు, మధ్యాహ్నం భోజనం మావారి జేబులోంచి!

ఈ ధరలే ఇప్పుడూ ఉంటాయనుకోకండి. ముఖ్యంగా ర్యామ్ ధరలు 2025 చివర్లో బాగా ఎగబాకాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లని పెద్ద ఎత్తున కొనేయడమే దానికి కారణం. అందుకే లెక్క వేసేటప్పుడు ముందు ర్యామ్ ధర కనుక్కుని, తర్వాత మిగతావి సర్దుకోండి. ఇంట్లో పాత మానిటరో, కీబోర్డో ఉంటే వాడేసుకోండి. అవి తర్వాతైనా మార్చుకోవచ్చు.

దేనికైనా జీఎస్‌టీ బిల్లు తప్పనిసరి. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి. వారంటీ కోసం వెళ్లినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

హాల్లో బిగింపు పండగ

ఆదివారం హాల్లో చెక్కబల్ల మీద పరిచింది సామానంతా. చేత్తో ఇనుప వస్తువు ముట్టుకుని, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోగొట్టుకుని మొదలుపెట్టింది. ప్రాసెసర్‌ని దాని మూల మీదున్న త్రికోణం గుర్తు ప్రకారం పెట్టాలి. బలం ఉపయోగించకూడదు, తనంతట తనే కూర్చోవాలి. ర్యామ్‌కి మాత్రం 'టిక్' అనేదాకా నొక్కాలి. నేను మరలు అందించాను. మా అత్తగారు టార్చి పట్టుకుంది!

సాయంత్రం నాలుగింటికి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద మాత్రం ఏమీ లేదు. నల్లగా అలాగే ఉంది. పిల్ల మొహం పాలిపోయింది. నాకేమో గాజులు కళ్లముందు కదిలాయి. మావారు ఒక్క మాటా అనలేదు, అదింకా భయమేసింది. అరగంట తర్వాత తనే గట్టిగా నవ్వింది. మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డుకి గుచ్చింది. 5600లో లోపల గ్రాఫిక్స్ ఉండదు కదా! కేబుల్ తీసి గ్రాఫిక్స్ కార్డుకి పెట్టగానే తెర వెలిగింది.

ఇంకో రెండు చిన్న పనులున్నాయి. బయోస్‌లో 'ఎక్స్‌ఎంపీ' ఆన్ చేయకపోతే ర్యామ్ పూర్తి వేగంతో నడవదు. విండోస్ సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు మార్చకపోతే డబ్బు పోసి కొన్న 100 హెర్ట్జ్ మానిటర్ కూడా 60 దగ్గరే ఉండిపోవచ్చు.

కరెంటు బిల్లు, కట్టుబాట్లు

ఆట నడిచేటప్పుడు మానిటర్‌తో కలిపి సుమారు 250 వాట్లు లాగుతుంది. రోజుకి మూడు గంటలైతే ముప్పావు యూనిట్, నెలకి ఇరవై రెండు, ఇరవై మూడు యూనిట్లు. ఎర్తింగ్ సరిగా ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుకే పెట్టండి. కరెంటు పోయినప్పుడు ఫైళ్లు దాచుకుని ఆపేసే వ్యవధి ఉండాలంటే యూపీఎస్ కావాలి. సాధారణంగా 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల దాకా మోస్తుంది. అది ఆట కొనసాగించడానికి కాదు, ఆపుకోవడానికే!

కంప్యూటర్ హాల్లోనే పెట్టాం. రాత్రి పదింటికి ఆట బంద్. ఆటలో పరిచయమైనవాళ్లకి ఫోన్ నంబరు, ఫొటో ఇవ్వకూడదు. డబ్బు పందెం పెట్టే ఆటల జోలికి అసలే వెళ్లకూడదు. వాటిని 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం గుర్తించింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కి పతకాలిచ్చారు కూడా. ఈ విషయం చెప్పాకే మా అత్తగారు శాంతించింది.

గాజులకి మళ్లీ చీటీ వేశాను. మొన్న పక్కింటావిడ వాళ్లబ్బాయికి కంప్యూటర్ కొనాలని ఓ కొటేషన్ పట్టుకొచ్చింది, మా అమ్మాయికి చూపిద్దామని. అది కాలేజీకి వెళ్లింది. "ఇలా ఇవ్వండి వదినగారూ" అని నేనే తీసుకుని చూశాను. ఐ5 అని ఉంది గానీ మోడల్ నంబరు లేదు. పవర్ సప్లై కంపెనీ పేరు లేదు. పెన్ను తీసుకుని ఆ రెండు చోట్లా గుండ్రంగా సున్నాలు చుట్టి, "ఇవి రాయించుకురండి, అప్పుడు మాట్లాడదాం" అన్నాను.