వరుస తప్పితే రుచి తప్పినట్టే!

పోపులో ఆవాలు చిటపటలాడాకే కరివేపాకు వేస్తాం కదా! ఎలక్ట్రిక్ గిటార్‌కూ అలాంటి వరుసే ఉందని మా అమ్మాయి పుణ్యమా అని తెలిసింది.

గిటార్‌కీ, ఆంప్లిఫయర్‌కీ మధ్య కాలితో నొక్కే చిన్న పెట్టెలుంటాయి. అవే పెడల్స్. వీటిలో ఎక్కువ వాటికి 9 వోల్టుల కరెంటు చాలు. సాధారణంగా మొదట ట్యూనర్. శ్రుతి చూసే దానికి కల్తీలేని శబ్దం కావాలి మరి. తర్వాత వావా, కంప్రెసర్. ఆపైన శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్, అలలు పుట్టించే కోరస్. చివర్లో ప్రతిధ్వనినిచ్చే డిలే, పెద్ద హాల్లో వాయించినట్టు వినిపించే రివర్బ్.

తిరగేస్తే? డిలే తర్వాత డిస్టార్షన్ పెడితే ప్రతిధ్వనులన్నీ ఒకదానిమీద ఒకటి పడి గరగరలాడతాయి. స్వరమేదో తెలియదు. కావాలనే అలా పెట్టేవాళ్లూ ఉన్నారనుకోండి. కానీ, వరుస తెలిశాకే దాన్ని మార్చడం!

ఇదంతా బోధన్‌లో మా మామగారికి చెప్పాను. "చెరుకు పిండాలె, సున్నమేసి రసం తేర్చాలె, అప్పుడు మరిగించాలె. మురికి రసం మరిగిస్తే ఏమొస్తది బిడ్డా?" అన్నారు. నిజాం షుగర్స్‌లో పనిచేసిన మనిషి. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆయన నోట్లో మాత్రం వరుస చెక్కుచెదరలేదు.

"ఆడపిల్లకు ఈ రొదెందుకు, అమ్మేయండి" అన్నదీ ఆయనే. ఇప్పుడు మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని "ఈ డబ్బా ఏం జేస్తది?" అని ఒక్కోటీ అడుగుతున్నారు. గిటార్ అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

మీ ఇంట్లోనూ ఏదో ఒక 'రొద' ఉండే ఉంటుంది. కసురుకునే ముందు, అదేమిటో ఒక్కసారి అడిగి చూడండి!