అక్షరమా, అంగుళమా?

చీరకు కొలతతో పని లేదు. ఆరు గజాల చీర బక్కపలుచని పిల్లకూ, నిండైన ఇల్లాలికీ ఒక్కటే. ఒకరికి కుచ్చెళ్లు రెండు ఎక్కువ వస్తవి, మరొకరికి రెండు తక్కువ వస్తవి, అంతే భేదం. కొలత అనే చిక్కు మన స్త్రీలకు రవికతో మొదలైనది. సిద్ధంగా కుట్టి అమ్మే కుర్తాలు, పొడుగు గౌనులు ఊరూరా అంగళ్లకు వచ్చిన తరువాత అది బాగా ముదిరినది. ఆ చిక్కు ఒక ఇల్లాలి మనస్సును ఎంత కష్టపెట్టగలదో ఈ మధ్యనే చూశాను.

మా పిన్ని కుమార్తె సూర్యాపేటలో కాపురమున్నది. మధుమేహం పొంచి ఉన్నదని వైద్యులు హెచ్చరించగా ఆహారనియమం పాటించి, ప్రతి ఉదయం గంటసేపు నడిచి, ఏడాదిలో పదకొండు కిలోల బరువు తగ్గినది. పాత దుస్తులన్నీ వదులైనవి. సూర్యాపేటలో ఒక దుకాణానికి వెళ్లగా 'ఎం' గుర్తు గల కుర్తా చక్కగా సరిపోయినది. వెనుక 'ఎక్సెల్' తొడిగిన మనిషి కనుక ఎంతో సంతోషించినది. తరువాత పెళ్లిపనిమీద కోదాడ వెళ్లి, ధైర్యంగా 'ఎం' అడిగి తెచ్చుకున్నది. ఇంటికి వచ్చి వేసుకుంటే చేతులు పైకెత్తడానికి వీలు లేదు. ఆపైన మిర్యాలగూడలో అత్తవారింటికి వెళ్లినప్పుడు, అక్కడి దుకాణదారు ఆమెను ఎగాదిగా చూసి, "మీకు ఎక్సెల్ అయితేనే పడుతుందమ్మా" అన్నాడు. అతడు చెప్పినట్లే పట్టినది. ఆ రాత్రి నాకు టెలిఫోను చేసి, "అక్కా, నేను మళ్లీ లావయ్యానా? ఏడాది పడ్డ కష్టమంతా ఏమైనట్టు?" అని అడిగినది. ఆ వారం నడకకు పోవడమే మానివేసినది. తూనికయంత్రం మీద ఆమె బరువు ఏమాత్రం మారలేదు. మారినది దుకాణం మాత్రమే.

ఇట్లా ఎందుకు జరుగుతుంది? మిర్యాలగూడ రైసుమిల్లులో తూచిన క్వింటాలు బియ్యం కోదాడలో తూచినా క్వింటాలే. కిలోకు, మీటరుకు దేశమంతటా ఒకే ప్రమాణం ఉన్నది. కాని 'ఎస్', 'ఎం', 'ఎల్' అనేవి ప్రమాణాలు కావు; పేర్లు మాత్రమే. ఒక్కొక్క తయారీదారు తన గిరాకీదారు ఎట్లా ఉంటుందో ఊహించి, ఒక నమూనా స్త్రీ కొలతలతో మొదటి దుస్తును కత్తిరిస్తాడు. దానికి ఇన్ని అంగుళాలు కలిపి పెద్దవి, ఇన్ని అంగుళాలు తగ్గించి చిన్నవి తయారుచేస్తాడు. కళాశాల విద్యార్థినులను ఉద్దేశించి కుట్టిన 'ఎం' ఒకటి, నలుగురు బిడ్డల తల్లులను ఉద్దేశించి కుట్టిన 'ఎం' మరొకటి. రెండింటి పేరూ ఒకటే గాని, కొలత ఒకటి కాదు.

ఈ తికమక మనకు మాత్రమే పరిమితం కాదు. అమెరికాలో 1939, 1940 సంవత్సరాలలో వ్యవసాయశాఖవారు సుమారు 15,000 మంది స్త్రీల శరీరాలను కొలిపించి, 1941లో ఫలితాలను ప్రచురించినారు. అయితే ఆ లెక్కలో శ్వేతజాతి స్త్రీల కొలతలనే తీసుకొని, మిగిలినవారివి విడిచిపెట్టినారు. 1958లో స్త్రీల దుస్తులకు అక్కడ ఒక ప్రమాణపట్టిక వెలువడినది. దానిని పాటించడం తయారీదారుల ఇష్టానికే వదిలినారు. క్రమంగా అది మూలబడి, 1983లో రద్దయినది. ఈలోగా వ్యాపారులు ఒక కిటుకు కనిపెట్టినారు. దుస్తును కాస్త పెద్దది చేసి, దానిపై పాత చిన్న అంకెనే ఉంచితే కొనేవారికి తాము సన్నబడినామన్న తృప్తి కలుగుతుంది. ఆ తృప్తితో మరొకటి కొంటారు. అంకె ముఖస్తుతి చేయడం నేర్చుకున్నది!

మన దేశంలో మన శరీరాలకు తగిన పట్టిక కోసం జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ 'ఇండియా సైజ్' అనే సర్వేను చేపట్టినది. 2018లో ప్రకటించిన ఆ పథకం ప్రకారం హైదరాబాదుతోసహా ఆరు నగరాలలో 25,000 మంది స్త్రీపురుషులను, ఒంటిని తాకకుండానే కొలిచే యంత్రాలతో కొలవాలని నిర్ణయించినారు. అట్టి పట్టిక తయారీదారుకు మార్గదర్శి కాగలదు గాని, ఏ ఒక్కరి శరీరానికీ ప్రతిబింబం కాజాలదు. ఇంతకంటె మనకు వెంటనే పనికివచ్చేది మరొకటి ఉన్నది. ప్యాకెట్టు కట్టకుండా విడిగా అమ్మే దుస్తులపై, అక్షరపు గుర్తుతోపాటు కొలతను సెంటీమీటర్లలో గాని మీటర్లలో గాని తెలుపవలెనని 2022లో కేంద్రప్రభుత్వం నియమం చేసినది. కనుక చీటీ మీద అక్షరాన్ని విడిచి, సెంటీమీటర్లను చదవండి. ఆ అంకె శరీరానిదా, దుస్తుదా అని కూడ అడిగి తెలుసుకోండి. 92 సెంటీమీటర్ల ఛాతీ గలవారికి సరిపోతుందని చెప్పడం వేరు, దుస్తు ఛాతీయే 92 సెంటీమీటర్లని చెప్పడం వేరు.

బరువు తగ్గినవారి విషయంలో మరొక మెలిక ఉన్నది. శరీరం అంతటా ఒకే పాళ్లలో తగ్గదు. ఒకరికి ముందు నడుము తగ్గితే, మరొకరికి ఛాతీ తగ్గుతుంది. భుజాల వెడల్పు ఎముకల వలన ఏర్పడినది కనుక అంతగా మారదు. అందువలన పైభాగానికి ఒక అక్షరం, తుంటికి మరొక అక్షరం సరిపోవడం వింత కాదు. ఇంతకుముందు కుట్టించిన ఆది రవికను దర్జీకి ఇస్తే, అతడు పాత మనిషికే మళ్లీ రవిక కుడతాడు. బరువు తగ్గినవారు దర్జీ వద్దకు స్వయంగా వెళ్లి కొత్తగా కొలతలు ఇవ్వవలె. పాత రవికలను పక్క కుట్లు వేసి బిగించవచ్చును గాని, బాగా చిక్కినవారికి అట్లా చేసినా మెడ, చంక వదులుగానే ఉండి, రవిక భుజం మీదినుంచి జారుతుంది. దానికి భుజం విప్పి సరిచేయవలసి ఉంటుంది. ఆ కూలి ఎంతో ముందే అడిగి, కొత్త రవిక మేలా, పాతది బాగుచేయడం మేలా తేల్చుకోండి.

ఇంటిలో టేపు ఒకటి ఉంచుకొనండి. ఛాతీ, తుంటి నిండుగా ఉన్నచోట, నడుము సన్నగా ఉన్నచోట, టేపును బిగించక, జారనీయక కొలిచి, మూడు అంకెలు కాగితం మీద వ్రాసుకొనండి. కుర్తా ఛాతీ మన కొలతకంటె మూడు నాలుగు అంగుళాలు అధికంగా ఉంటేనే చేతులు ఆడతవి. తొడిగి చూసే వీలు లేనిచోట కుర్తాను బల్ల మీద పరచి, చంకనుంచి చంకవరకు కొలిచి, రెట్టింపు చేస్తే చాలు. నూలు బట్ట ఉతికితే కొంత కుంచించుకుపోతుందని మరువకండి. బరువు ఇంకా తగ్గుతున్నప్పుడు రెండు మూడు జతలకంటె ఎక్కువ కొనకండి. కొత్త రవికలకు లోపల మడత ఎక్కువగా వదలమని చెప్పండి. రేపు కాస్త ఒళ్లు చేసినా విప్పుకోవచ్చును.

ఒక హెచ్చరిక. ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపల శరీరపు బరువులో నూటికి 5 వంతులు తగ్గితే అది సంతోషించవలసిన విషయం కాదు. దర్జీ వద్దకు పోయేముందు వైద్యుని వద్దకు పోవలె.

మా చెల్లెలి సంగతి ముగిస్తాను. ఆదివారం నేను సూర్యాపేట వెళ్లి, మూడు కుర్తాలనూ మంచం మీద పరచి ఆమెచేతనే కొలిపించినాను. ఆమె ఛాతీ 36 అంగుళాలు. సూర్యాపేట 'ఎం' 40 అంగుళాలు. కోదాడ 'ఎం' 36. మిర్యాలగూడ 'ఎక్సెల్' మళ్లీ సరిగ్గా 40! ఆమె కొంతసేపు టేపు వంక చూస్తూ ఉండిపోయినది. తరువాత కత్తెర తెచ్చి, మిర్యాలగూడ కుర్తా మెడ వెనుకనున్న చీటీని కత్తిరించివేసినది. మరునాటి ఉదయం నేను లేచేసరికి ఇంట లేదు. నడకకు వెళ్లినది.